చూడని కందులకు సంతకం

మా ఆయన రామబ్రహ్మం గారు పదో తరగతి వరకే చదివారు. అయినా ఇరవై ఏళ్లు గచ్చిబౌలిలో ఒక దిగుమతి కంపెనీలో, బయటి దేశాల నుంచి వచ్చే పప్పుధాన్యాల కాగితాలు చూశారు. సరుకులో పురుగు లేదని ఆ దేశం ఇచ్చే పత్రం, పురుగు చావడానికి మందు పొగ పెట్టినట్టు ఇచ్చే పత్రం, మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, అన్నీ అక్షరం అక్షరం చదివేవారు. సంచి విప్పి చూశాకే సంతకం. చొక్కా ఉతికే ముందు జేబు తిరగేస్తే కందులు రాలేవి.

"అన్న కందులకు జాతకం జూస్తడు వదినా," అని యజమాని సాయిచంద్ మా ఇంటికొచ్చినప్పుడల్లా నవ్వేవాడు.

"పెళ్లికి ముందే చూడాలయ్యా, తర్వాత చూసి ఏం లాభం?" అనేవారీయన.

మొన్న మాఘమాసంలో గుండె ఆగి పోయారు. పదకొండో రోజు కర్మ చేయించి వచ్చేసరికి ఆయన ఫోనుకు సందేశం వచ్చి ఉంది. మా అమ్మాయి సంయుక్త చదివింది. ఆ ఉదయమే నాన్న సంతకంతో ఆఫ్రికా కందుల కాగితాలు దాఖలయ్యాయట. ఇక్కడ పిండాలు పెడుతుంటే అక్కడ సంతకం! ఇప్పుడు సంతకం చేత్తో పెట్టనక్కర్లేదు. ఆయన పేరున్న వేలెడు పరికరం కంప్యూటరుకు గుచ్చి, రహస్య సంఖ్య కొడితే చాలు.

మర్నాడు ఆఫీసుకు వెళ్లాం. సాయిచంద్ బిర్యానీ తింటున్నాడు. ఆ పరికరం ఎదురుగా కంప్యూటరుకే ఉంది.

"ఆ కందులు మీరు చూశారా అండీ?"

"చూసుడేంది వదినా? అన్న పేరుంటే ఎవ్వలు ఎక్కువ అడగరు. ఇంకో రెండు కంటైనర్లే, జర ఓపిక పట్టుండ్రి." ఎముక చప్పరిస్తూనే అన్నాడు. "తినుండ్రి, మీకూ తెప్పిస్త."

ఆ పరికరం ఊడదీసుకుని వచ్చేశాను. ముట్టుకుంటే జిడ్డుగా ఉంది.

అక్కణ్ణుంచి నేరుగా, సరుకులో పురుగు పరీక్షించే ప్రభుత్వ ఆఫీసుకు పోయి మరణ ధ్రువపత్రం చూపించాం. సాయంత్రానికి అధికారి సంచులు విప్పించారు. కందుల మీద పురుగులు పాకుతున్నాయి.

"ఇది జరిగినట్టు రాసివ్వాలమ్మా. మీ పాప రాస్తుందా?" అన్నారు అధికారి.

నేనే రాస్తానన్నాను. తప్పులు దొర్లకుండా మెల్లగా రాశాను.

"ఈ సంతకం మా ఆయనది కాదు. ఆయన పోయిన పదకొండో రోజు వేరేవాళ్లు పెట్టారు. ఆయనైతే ఈ సరుకు వెనక్కి పంపేవారు."

కింద నా పేరు పద్మావతి అని రాసి, ఆ రోజు తేదీ వేశాను.