లేని పేజీలకు ముందుమాట

ఉద్యోగ విరమణ రోజున పత్రిక డెస్కు మిత్రులు తలా కొంత వేసుకుని నాకొక ఈ-రీడర్ కొనిచ్చారు. చిన్నప్పటి పలకలో సగం కూడా లేని ఆ వస్తువును చూసి అప్పుడు నవ్వుకున్నాను. కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక గాని దాని విలువ తెలియలేదు. అక్షరాన్ని ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు. ఫోన్‌లా కళ్ళలో గుచ్చుకోదు. లావుపాటి నవల కూడా చేతికి బరువుండదు. పొద్దున్నే ఫిల్మ్ నగర్‌లోని మా బాల్కనీలో కూర్చుంటే, కింద ప్రొడక్షన్ ఆఫీసు ముందు వ్యాన్‌లోకి లైట్లు ఎక్కించేవాళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటూ ఉంటారు. ఆ గోలలో ఒక చేత కాఫీ, ఒక చేత పలక. పేజీ తిప్పడానికి బొటనవేలు చాలు. చదువుకునే సుఖం నాకు రెండోసారి దక్కింది.

అందులోకి పుస్తకాలు ఎలా వచ్చేవో చెప్పాలి. నాలాంటి విశ్రాంత పాత్రికేయులం, మరికొందరు పుస్తకప్రియులం కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఎవరో ఒకరు ఏదో ఒక పుస్తకం స్కాన్ చేసిన పీడీఎఫ్ పెడతారు. కింద వరసగా దండాలు, ధన్యవాదాలు. తెలుగు పుస్తకాలు ఈ-బుక్‌గా ఎక్కడ దొరుకుతున్నాయి, అచ్చులో లేనివాటిని కాపాడుతున్నది మనమే కదా అని ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. పుస్తకాల దొంగ దొంగ కాడన్న మాట కూడా ఉండనే ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సినిమా పేజీ చూసినవాణ్ణి. కొత్త సినిమా ఇంటర్నెట్‌లో పడినప్పుడల్లా 'పైరసీ భూతం' అని శీర్షిక పెట్టి, నిర్మాతల తరఫున కన్నీళ్ళు కార్చినవాణ్ణి. ఆ భూతమూ నా పలకా ఒకే జాతివని నాకు తోచలేదంటే నమ్మరు. తోచింది. తోచిన ప్రతిసారీ పేజీ తిప్పేసేవాణ్ణి.

ఒకసారి ఆ గ్రూపులోకి యూసుఫ్‌గూడలో ఉండే ఒక డబ్బింగ్ కళాకారిణి రాసుకున్న జ్ఞాపకాల పుస్తకం వచ్చింది. ఆమెను స్టూడియోల్లో ఎన్నోసార్లు చూశాను. ఎంతోమంది హీరోయిన్లకు ఏడుపూ నవ్వూ అరువిచ్చిన మనిషి. ఇన్నేళ్ళ నా సినిమా పేజీలో ఆమె గురించి ఒక్క వాక్యం రాయలేదు. పుస్తకం మాత్రం ఒక్క బిగిన చదివాను. స్కాన్ చేసినవాళ్ళ బొటనవేలు కొన్ని పేజీల అంచున కనపడేది. అంచులు కత్తిరిస్తే అక్షరం పెద్దదవుతుందని రీడర్‌లో ఆ ఏర్పాటు వాడుకున్నాను. వేలితోపాటు పేజీల అంకెలూ పోయాయి.

బాగుందని ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. గ్రూపులో లేని మిత్రులకు కూడా పీడీఎఫ్ పంపాను, మంచి పని చేస్తున్నాననే అనుకుంటూ.

కొన్ని నెలలకు ఆమే ఫోన్ చేసింది. "రెండో ముద్రణ వేస్తామంటున్నారండీ. ముందుమాట మీరే రాయాలి. కాపీ పంపించనా?"

"ఉందమ్మా నా దగ్గర," అన్నాను. ఆ మాట అబద్ధమా అంటే కాదు. నిజమా అంటే, ఏమో.

ముందుమాట శ్రద్ధగానే రాశాను. అందులో ఒక వాక్యాన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపించాను. ఆమెను పెంచిన అక్క ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వచ్చి వెళ్ళిపోయే ఘట్టం అది. "అక్క గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. నేను బియ్యం కడిగి ఎసట్లో పోశాను." అంతే, ఆ తరవాత కథ మరో సంగతిలోకి వెళ్ళిపోతుంది. దీని మీద ఇలా రాశాను: "జీవితమంతా ఇతరుల మాటలు పలికిన ఈ గొంతు, తన మాట రావలసిన చోట మౌనం పాటించింది. ఆ మౌనమే ఈ పుస్తకానికి శిఖరం." రాసి, నాకు నేనే రెండుసార్లు చదువుకుని పంపాను.

వారం తిరక్కుండా పిలుపు వచ్చింది. "ఆదివారం చర్చి నుంచి వచ్చేశాక ఇంట్లోనే ఉంటామండీ. ఒకసారి రండి."

వెళ్ళాను. ఆమె భర్త తలుపు తీశాడు. సౌండ్ రికార్డింగ్‌లో పనిచేసి మానేసినవాడు, రహమత్ నగర్‌లో పుట్టి పెరిగిన మనిషి. "రాండ్రి సార్, రాండ్రి. మీ ముందుమాట మస్తుగుంది. గని రీల్ మధ్యల ఏదో ఎగిరిపోయినట్టుంది," అన్నాడు నవ్వుతూ. నాకు అర్థం కాలేదు.

ఆమె టీ ఇచ్చి, పుస్తకం తెరిచి నా చేతిలో పెట్టింది. "ఇక్కడి నుంచి చదవండి."

కుడివైపు పేజీ చివర నాకు తెలిసిన వాక్యమే. అక్క వెనక్కి తిరిగి చూసింది. 'నేను' దగ్గర పేజీ అయిపోయింది. తిప్పితే, అవతలి పేజీ మొదట్లో బియ్యం లేదు. "పిలవలేదు. పిలిస్తే వచ్చేది." అక్కడి నుంచి నాలుగు పేజీలు. భర్తతో పడలేక వచ్చేసిన అక్క, కొన్నాళ్ళు ఇక్కడ ఉంటానని అడిగింది. ఒక్క గది కిరాయి ఇల్లు. వద్దని చెప్పడానికి నోరు రాక, "మా ఆయన ఒప్పుకోరు" అని చెప్పింది చెల్లెలు. ఆయనను అడగనే లేదు. ఆ తరవాత అక్క ఈ గడప తొక్కలేదు. మరిది వెళ్ళగొట్టాడనే ఇన్నేళ్ళూ అనుకుంది. నాలుగో పేజీ చివర, భర్త వచ్చే వేళయిందని చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. పేజీ తిప్పితే, అప్పుడు, బియ్యం కడిగి ఎసట్లో పోసింది.

నేను శిఖరమన్న వాక్యాన్ని ఎవరూ రాయలేదు. స్కాన్ చేసేవాళ్ళ చేతిలో కాగితాలు కొన్ని అంటుకుపోతే పుట్టింది.

"మీ కాపీలో ఈ పేజీలు లేవు కదండీ?" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. "బైండింగ్‌లో పోయుంటాయి. ఆ కాపీ ఇస్తే ప్రెస్ వాళ్ళకి చూపిస్తాను. ఇంకెన్ని కాపీలు అలా వెళ్ళిపోయాయో."

తప్పించుకునే దారి ఆమే చూపించింది. "అయ్యుండొచ్చమ్మా," అన్నాను.

"గట్లెట్ల ఊకుంటం సార్?" అని ఆయన ఫోన్ తీశాడు. "ఆ బైండింగాయన నాకు ఎర్కే. ఇప్పుడే గట్టిగ అడుగుత. పైసల్ తీస్కొని గిదేం పని?"

అవతల ఫోన్ మోగుతోంది. ఎవరో ముఖం తెలియని బైండరు, ఆదివారం పూట, నా కోసం తిట్లు తినబోతున్నాడు.

"వద్దండీ, పెట్టేయండి," అన్నాను. "నా దగ్గర పుస్తకమే లేదు. ఫోన్‌లో వచ్చిన పీడీఎఫ్ చదివాను."

ఆయన ఫోన్ పెట్టేసి నా వంక చూశాడు. తరవాత పడీపడీ నవ్వాడు. "పైరసీనా సార్? మీరా? ఓ సార్, పైరసీ భూతమని మీరు రాస్తిరి, మా యూనియనోళ్ళు ర్యాలీ తీసిరి. బోర్డు పట్టుకొని ఎండల నేను గూడ నడిసిన. మీ పేపర్ల ఫొటో పడ్డది!"

"మీరు ఊరుకోండి," అంది ఆమె. ఆయన ఊరుకున్నాడు గాని భుజాలు ఇంకా కదులుతున్నాయి. ఆ నవ్వే నయమనిపించింది. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. "ఎంతమందికి పంపారండీ?" అని అడిగింది.

గుర్తున్నంత వరకు చెప్పాను.

"డబ్బు సంగతి కాదండీ. వాళ్ళందరికీ నేను అక్కని పంపేసి బియ్యం కడుక్కున్న మనిషినే కదా." నా చేతిలోని పుస్తకం తీసుకుంది. "ఈ నాలుగు పేజీల కోసమే పుస్తకం రాశాను. అక్కకి ఇంకా పంపలేదు. మీలాంటి పెద్దవాళ్ళ ముందుమాటతో వస్తే తెరుస్తుందేమోనని ఆగాను. తెరిస్తే ముందు కనపడేది ఇదీ. నేనేం మాట్లాడలేదని మెచ్చుకోవడం."

"నాక్గూడ బుక్కు సదివినంకనే తెల్సింది సార్," అన్నాడు ఆయన, ఈసారి నవ్వకుండా. "ఒదినె నాతోని ఎందుకు మాట్లాడదో గన్నేండ్లు సమజ్ గాలే."

మళ్ళీ రాసిస్తానన్నాను. ఆమె ఒప్పుకుంది. "రాయండి. ఎలా చదివారో కూడా రాయండి. అది రాస్తే ఎవరైనా ఆ పేజీలు వెతుక్కుని చదువుతారు." దారిలో ఒక కాపీ కొన్నాను. ఆమె ఇవ్వబోయింది, తీసుకోవడానికి చేయి రాలేదు.

ఆ సాయంత్రమే గ్రూపులో పెట్టాను: పీడీఎఫ్‌లో నాలుగు పేజీలు లేవు, దయచేసి పుస్తకం కొనుక్కోండి అని. దండాలు వచ్చాయి. వెంటనే ఒక పెద్దమనిషి, "సార్, మీ దగ్గరుంది కదా, ఆ నాలుగూ ఫొటో తీసి పెట్టండి," అన్నాడు. ఏం చేయాలో తోచక ఆమెకే ఫోన్ చేశాను. ఎవరడిగారో కనుక్కుంది. "పెట్టండి," అంది చివరికి. పుస్తకం మూసుకుపోకుండా ఒక చేత్తో అదిమిపట్టి తీశాను. ప్రతి ఫొటోలోనూ అంచున నా బొటనవేలు పడింది. కాసేపటికి అదే పెద్దమనిషి: "చాలా క్లియర్‌గా ఉంది సార్. మొత్తం ఇలాగే తీయగలరా?"

ముందుమాట దగ్గర కూర్చున్నాను. "రచయిత్రి పుస్తకాన్ని పీడీఎఫ్ రూపంలో చదవడం జరిగింది" అని మొదలైంది. డెస్కులో కూర్చున్నన్నాళ్ళూ కుర్రవాళ్ళు రాసిన వార్తల్లో ఈ 'జరిగింది'ని కొట్టేయడమే నా పని. జరగడానికి అదేమన్నా వానా, ఎవరు చేశారో రాయి అని కసిరేవాణ్ణి. దాన్ని కొట్టేసి, "లోపభూయిష్టమైన ప్రతి ఒకటి నాకు అందింది" అన్నాను. ఎవరో అందించారు, నేను అందుకున్నాను, పాపం. అదీ కొట్టేశాను. రోజూ ఒక కొత్త వాక్యం వచ్చేది. ఏ వాక్యంలోనూ నేను ఉండేవాణ్ణి కాదు. ప్రచురణకర్తలు రెండుసార్లు గుర్తుచేసి ఊరుకున్నారు. రెండో ముద్రణ ముందుమాట లేకుండానే వచ్చింది.

"ఏం ఫికర్ లేదు సార్," అన్నాడు ఆమె భర్త ఫోన్‌లో. "ఒదినెకు పంపినం. పార్సిల్ అందిందట. ఫోనైతే రాలే."

అచ్చుపుస్తకంలో అక్షరాలు సన్నం. భూతద్దం పెట్టుకుని, మొదటి నుంచి మళ్ళీ చదివాను. రీడర్‌లోంచి ఆ ఒక్క పుస్తకం తీసేశాను. మిగతావి ఉన్నాయి. పొద్దున్నే బాల్కనీలో తెరిచి, నచ్చిన వాక్యం దగ్గర ఆగినప్పుడల్లా ఇది రాసినవాళ్ళదేనా, కాగితాలు అంటుకుంటే పుట్టిందా అని అనుమానం వస్తుంది. ఆ అనుమానంతోనే బొటనవేలు పేజీ తిప్పుతుంది.

ఆమె అడిగిన వాక్యం ఇప్పుడు రాస్తున్నాను, ఆమెకు పనికిరాని రోజున. మీ పుస్తకం దొంగప్రతి చదివాను. పదిమందికి పంపాను. చదవకుండా మెచ్చుకున్నాను.