రెండు గీతల సారు

ధనుంజయ్ సారుకు కాగితం కనిపిస్తే చాలు, దాని మీద రెండు అలలు గీస్తాడు. ఒకటి వేటాడేది, రెండోది దానికి దొరికేది. తిండి పెరిగితే తినేవి పెరుగుతాయి, తినేవి పెరిగితే తిండి తగ్గుతుంది, తిండి లేక తినేవీ తగ్గుతాయి, మళ్లీ మొదలు. కోరుట్ల కాలేజీలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు గానీ ఆ గీతల నుంచి కాలేదు. పెళ్లిపత్రికల వెనక గీశాడు, బస్సు టికెట్ల మీద గీశాడు. సిరిసిల్లలో మగ్గాలున్న శిష్యుడు ఆనందం చేత తువ్వాల అంచుకూ అవే నేయించుకున్నాడు.

ఇంతా చేసి ఆయనకు ఎలుకంటే హడల్. క్లాసులో చిట్టెలుక కనబడితే బల్లెక్కి, గంట కొట్టేదాకా పాఠం అక్కడి నుంచే చెప్పాడట. ఆయన దగ్గర చదివిన కల్పన ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా తల్లి ఐలవ్వ పడీ పడీ నవ్వేది.

అలాంటి మనిషి మల్లాపూర్‌లో ఐలవ్వ పొలానికే వచ్చాడు. ఆమెకున్నది రెండెకరాల వరి. పెనిమిటి మస్కట్‌లో. పొట్టకొచ్చిన చేనును ఎలుకలు కొరికి పడేస్తుంటే మందు పొట్లాలు తెచ్చుకుంది. కల్పన ఫోన్‌లో తనకు ఆ సంగతి చెప్పిన మర్నాడే సారు తువ్వాల భుజాన వేసుకుని దిగి, గట్టు మీద పుల్లతో రెండు గీతలు గీశాడు.

మందు పెడితే ఎలుకలతో పాటు వాటిని తిన్న గుడ్లగూబలూ చస్తాయి, మళ్లీ ముందుగా పెరిగేది ఎలుకలేనన్నాడు. చేలో కర్రలు పాతితే గుడ్లగూబలు వాలతాయి, ఇరవై రోజులు ఆగమన్నాడు.

"గుడ్లగూబ కూస్తే మంచిది గాదంటరు సారూ," అంది ఐలవ్వ.

"నిజమే. ఎలుకలకు మంచిది గాదు."

ఐలవ్వ పొట్లాలను దూలం సందులో దోపింది, పారేయలేదు. ఇద్దరూ చేలో కర్రలు పాతారు. సాయంత్రం ఎలుక బొక్కలన్నీ మట్టితో మూయడం ఆమె పని, పొద్దున ఎలుకలు మళ్లీ తెరిచినవి లెక్కపెట్టడం సారు పని. మొదటి రోజు అరవై. వారానికి డెబ్భై. సారు గీతలు చూపించి ఆమెకు ధైర్యం చెప్పాడు గానీ ఆయన మొహమూ వాడింది. ఆ తర్వాత ఏమైందో, నలభై, ఇరవై రెండు, తొమ్మిది!

ఇరవయ్యో రోజు సర్వపిండి కట్టుకుని ఐలవ్వ తెల్లవారకముందే పొలానికి పోయింది. ముందే వచ్చిన సారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మొహం పక్కకు తిప్పుకుని, ఎలుకలు చిక్కిన బోనుబుట్టను చేయి బారున పట్టుకుని వణుక్కుంటూ వస్తున్నాడు. గట్టు పొడుగునా ఇంకా పది బుట్టలున్నాయి.

"ఏంది సారూ గిది?"

సారు దొరికిపోయిన దొంగలా నిలబడ్డాడు. "గుడ్లగూబలు అచ్చుడు లేటయింది ఐలవ్వా. నీ చేను అప్పటిదాక ఆగేటట్టు లేకుండె. గందుకే వాటి డ్యూటీ కొన్నిరోజులు నేను జేసిన."

అప్పటికి కర్రల మీద రెండు గుడ్లగూబలు కూర్చునే ఉన్నాయి. పొట్లాలు ఇవాళే షాపులో వాపస్ ఇచ్చేస్తానంది ఐలవ్వ. పుల్ల తీసుకుని, సారు గీతల పక్కన మూడో గీత గీసింది, రెండింటికన్నా ఎత్తుగా.

"గిది మీరు."

"గంత ఎత్తుండది ఐలవ్వా, లెక్క తప్పు," అన్నాడు సారు.

"ఎలుకను జూస్తే బల్లెక్కే సారుకు గా మాత్రం ఎత్తుండాలె," అని ఆమె సర్వపిండి చేతిలో పెట్టింది.