సుగుణ మేడం చెప్పిన ‘సెటిల్’

నిన్న తెల్లాపూర్‌లో కొత్త ఫ్లాటు చూడటానికి వెళ్తే పచ్చి రంగు వాసన గొంతులోకి దిగింది. “ఇది తీసుకుంటే మీరు సెటిలైపోయినట్టే సార్” అన్నాడు ఏజెంటు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుందని అతనికేం తెలుసు? సుగుణ మేడం గుర్తొస్తారు.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజుల్లో, మాదాపూర్‌లోని ఒక కాల్‌సెంటర్‌లో ఆవిడ మాకు ఇంగ్లిష్ నేర్పేవారు. ఆవిడది సిద్దిపేట వైపు, నాది నల్లగొండ జిల్లా. మొదటిరోజే “ఎప్పుడు వస్తరు సార్” అని నేను అడిగితే నా యాసకు మేనేజరు నవ్వాడు. మేడం ఆయన ముందే అన్నారు: “నీ ఇంగ్లిష్ దిద్దుత గని, నీ తెలుగుల తప్పేం లేదు బిడ్డా.” అప్పటిదాకా నా నోటికి నేనే భయపడేవాణ్ణి.

ఒక ఉదయం కొత్తగూడ దగ్గర ఆందోళనకారులు మేమూ మేడమూ వెళ్తున్న కంపెనీ వ్యాన్ ఆపారు. నాతోపాటు శిక్షణలో ఉన్న గుంటూరు కుర్రాడు కిరణ్ యాస విని, “వీడు సెటిలర్, దిగమను” అన్నాడొకడు. మేడం తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. “పేరు లేదా పిల్లగానికి? రాష్ట్రం నాకూ కావాలె. గని వీన్ని దించాలంటే ముందుగాల నన్ను దించుండ్రి.” వాళ్లు గొణుక్కుంటూ తప్పుకున్నారు.

ఆ రోజు క్లాసులో బోర్డు మీద ‘సెటిల్’ అని రాశారు. పాత ఇంగ్లిష్‌లో పీట అనే అర్థమున్న మాట నుంచి పుట్టిందట. కూర్చోబెట్టడం మొదటి అర్థం. స్థిరపడటం, తగాదా తేల్చడం తర్వాత వచ్చి చేరాయి. “ఈ బిల్డింగు కింద ఎవరియో పొలాలుండె. వాళ్లను లేపి మనల్ని కూసోవెట్టిన్రు. దాన్ని గూడ సెటిలైందనే అన్నరు. ఎవరు సెటిల్ చేసిన్రో అడగాలె” అన్నారు.

వారం తిరక్కుండానే, క్లాసులో రాజకీయాలు మాట్లాడుతున్నారని ఆవిడను తీసేశారు. నేనూ కిరణూ మేనేజరు గదికి వెళ్లాం. “ఆవిడ లేకపోతే నేనా రోజు ఏమయ్యేవాణ్ణండీ?” అన్నాడు కిరణ్. మేనేజరు తలెత్తలేదు. “అంతా సెటిలైపోయిందయ్యా. వెళ్లి పని చూసుకోండి.”

“ఎవరు సెటిల్ చేసిన్రు సార్?” అని అరిచాను. జవాబుగా సెక్యూరిటీని పిలిచాడు.

మేం కిందికి వచ్చేసరికి గేటు దగ్గర నిలబడ్డ మేడం కళ్లు ఎర్రగా ఉన్నాయి. “లోపల లొల్లి చేసినవంట గదా? మంచిగ చేసినవ్” అన్నారు.

తర్వాత ఇక్కడి ఏ కంపెనీ ఆవిడను తీసుకోలేదు. మేనేజరు మాత్రం ఇంకా పైకి వెళ్లాడు. రాష్ట్రం వచ్చింది; మేడం చందానగర్‌లో ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతూనే కన్నుమూశారు.

ఇప్పుడు నా టీమ్‌లో ఎవరి యాసకైనా ఎవరైనా నవ్వితే అక్కడికక్కడే మీటింగు ఆపేస్తాను. నాకు తలబిరుసని ఆఫీసులో పేరు. ఇన్నేళ్లయింది, ఇక కోపం తగ్గించుకోమంటుంది నా భార్య. తగ్గించుకోను. అది తగ్గిననాడు మేడంను నేను కూడా ఉద్యోగంలోంచి తీసేసినట్టే.