పట్టేసిన నాలుగు రింగులు, అమ్రాబాద్ దారి

నల్గొండ నుంచి అమ్రాబాద్‌కు సొంత కారులో వెళ్లాలనుకునేవారికి ఈ సంగతులు పనికొస్తాయి. నేను మాత్రం విహారానికి వెళ్లలేదు. పదకొండేళ్లు నల్గొండలోనే స్టాఫ్ నర్సుగా పనిచేసి, అమ్రాబాద్ అవతలి ఒక పల్లె దవాఖానకు నేనే కోరి బదిలీ చేయించుకున్నాను. సోమవారం పొద్దున తొమ్మిదింటికల్లా చేరాలి. ఆ పల్లెకు బస్సు రోజుకు ఒక్కటే. చివరి ఏడు కిలోమీటర్లు రాళ్ల బాట, మధ్యలో ఒక వాగు. కారు వాగు దాటితేనే నా ఉద్యోగం నిలుస్తుంది. ఆ కారేమో స్పీడు బ్రేకర్‌కే కడుపు గీసుకుంటుంది.

దాన్ని హైదరాబాద్‌లో ఒక కుర్రాడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. షోకు కోసం కారు ఎత్తు తగ్గించి తిప్పేవాడు. ఒక్కో చక్రం దగ్గర స్ప్రింగు, మర ఉన్న గొట్టం మీద కూర్చుంటుంది. స్ప్రింగు కింద రెండు రింగులు. పై రింగు తిప్పితే కారు లేస్తుంది, కింది రింగు దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. "ఎప్పుడంటే అప్పుడు ఎత్తుకోవచ్చు అక్కా" అన్నాడు. మూడేళ్లలో నేను ఒక్కసారీ తిప్పలేదు. శనివారం హైదరాబాద్‌లో ఒక పెద్ద గ్యారేజీకి తీసుకెళ్తే, అరగంట ఉలి పెట్టి బాదారు. ఒక రింగుకు పానా పట్టే గాడులు పాడుచేసి, నాలుగు చక్రాల సస్పెన్షనూ మార్చాలి, డెబ్బై వేలవుతుందన్నారు. "అమ్మేయండి మేడం, లేడీస్‌కు ఇట్లాంటి బండి ఎందుకు?" అని ఒక ఉచిత సలహా కూడా పారేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికొస్తే మా మరిది ఇంకో ఆకు ఎక్కువే చదివాడు. "వదినా, గీ కారుతోని గుట్టలెక్కుతవా? బదిలీ రద్దు జేయించుకో, అందరం సుఖంగ ఉంటం" అన్నాడు.

"నీ సుఖం కోసం నేను అర్జీ పెట్టుకోలే" అన్నాను. ఆదివారం ఉదయం ఆరింటికి పరుపు, గ్యాసు పొయ్యి, రెండు సూట్‌కేసులు ఎక్కించి బయల్దేరాను. ఆ బరువుకు కారు ఇంకా కుంగింది. పన్నెండు వందల పెట్రోలు పోయించుకుని దేవరకొండ రోడ్డు పట్టాను. రోడ్డు బాగుంటుంది, గంటన్నర ప్రయాణం. దేవరకొండ ఇంకా రాకముందే ఒక స్పీడు బ్రేకర్ మీద కింద కర్రుమని గీసుకుంది. పక్కన ఒక రేకుల షెడ్డు, దాని గోడకు ఆనించిన బోరు పైపులు కనిపించాయి. అక్కడే ఆపేశాను.

షెడ్డు యజమాని యూసుఫ్ భాయ్‌కి అరవై ఏళ్లుంటాయి. కార్లు బాగుచేయడు. బోర్లలోంచి మోటార్లు లాగి, పట్టేసిన పైపుల జాయింట్లు విప్పడం ఆయన పని. నేను సంగతి చెప్పాను. ఆయన చక్రం వెనక్కి వంగి, గోటితో మర మీద గీకాడు. గోటికి తెల్లటి పొడి అంటింది.

"కారు దేనితోని కడుగుతవు చెల్లె?"

"మా బోరు నీళ్లతోని. ప్రతి శుక్రవారం, పైపు పెట్టి మరీ కడుగుత" అన్నాను గర్వంగానే.

"అయితే చేసింది నువ్వే. గిది తుప్పు తక్కువ, ఉప్పు ఎక్కువ. మన నీళ్లకు ఇనుప పైపులే పట్టేస్తయి, గీ రింగులెంత?"

మూడేళ్లు దేవుడి విగ్రహంలా కడుక్కున్నాను. నా శుభ్రతే నా కొంప ముంచిందంటే సిగ్గేసింది. అయినా వెనక్కి తిరిగే ప్రశ్నే లేదు. "విప్పుతరా, లేదా?" అన్నాను.

"ఫికర్ చేయకు. కాకపోతే జర ఓపిక పట్టాలె. ఉలి మాట ఎత్తకు."

జాకీ పెట్టి, కింద మొద్దులు దోపి, చక్రం విప్పాడు. ముందు వైరు బ్రష్‌తో మరలు తోమాడు. కిరాణా కొట్టు నుంచి నిమ్మ ఉప్పు తెప్పించి, గోరువెచ్చని నీళ్లలో కరిగించి, గుడ్డ తడిపి రింగులకు చుట్టాడు. అరగంటకు తెల్లటి పెచ్చులు మెత్తబడ్డాయి. మంచినీళ్లతో కడిగి, తుడిచి, డీజిల్‌లో ఇంజను ఆయిల్ కలిపి పోశాడు. ఆ తర్వాత కర్రముక్క ఆనించి రింగు చుట్టూ సుత్తితో మెల్లగా తట్టాడు. మంట పెట్టొచ్చు కదా అన్నాను. "లోపల ఆయిల్ ఉంటది, రబ్బరు ఉంటది. మంట పెడితే గ్యారేజోళ్లు చెప్పిందే నిజమైతది" అన్నాడు.

పానా పెట్టి ముందు కింది రింగును బిగించే వైపు తిప్పాడు. ఉల్టా తిప్పుతున్నాడేమిటని అరిచాను. "పట్టిన మర ముందు బిగువు దిక్కే జరుగుతది. జరిగినంక మన మాట వింటది." వెంట్రుకవాసి కదిలింది. అటు ఇటు, అటు ఇటు తిప్పుతూ నూనె పోశాడు. ఇరవై నిమిషాలకు రింగు చేత్తో తిరిగింది. నేను రోడ్డు మీదే ఈల వేశాను.

మూడు చక్రాలు పదకొండున్నరకు అయ్యాయి. నాలుగోదే గ్యారేజీవాళ్లు పాడుచేసింది. పానా పట్టడానికి గాడి లేదు. ఆయన బోరు పైపులు తిప్పే గొలుసు పానా తెచ్చి రింగు చుట్టూ బిగించాడు. మొదటిసారి జారింది. రెండోసారీ జారింది.

"మూడు చక్రాల దగ్గరే ఎత్తుకుని పొమ్మంటారా?" అన్నాను.

"కోపం ఉంటే పిడి మీద పెట్టు, నా మీద కాదు" అన్నాడు. ఇద్దరం కలిసి నొక్కాం. టక్కుమంది. ఆ చప్పుడుకు కళ్లలో నీళ్లొచ్చాయి. నాలుగు వైపులా రెండంగుళాలు ఎత్తి, టేపుతో కొలిచి, మరలకు గ్రీజు పూశాడు. పద్దెనిమిది వందలు తీసుకున్నాడు.

పక్క హోటల్లో జొన్నరొట్టె, మటన్ కూర నూట ఎనభై. వండే లక్ష్మమ్మ పొద్దుటి నుంచీ అంతా చూస్తూనే ఉంది. "రెండో రొట్టె తిను బిడ్డా, పానా పట్టిన చెయ్యి" అని ఇంకోటి వడ్డించింది. ఒంటిగంటకు బయల్దేరి డిండి, మన్ననూరు మీదుగా వెళ్లాను. మన్ననూరు దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు రాత్రి మూస్తారు, పగలే దాటండి. నాలుగున్నరకు వాగు వచ్చింది. మోకాలు కిందికి నీళ్లు, గుండ్రటి రాళ్లు. మొదటి గేరులో, ఊపిరి బిగబట్టి, ఆగకుండా పోనిచ్చాను. కారు కింద ఒక్క రాయీ తగల్లేదు.

దవాఖాన మెట్ల మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. నన్నూ కారునూ ఎగాదిగా చూసింది.

"కొత్త సిస్టరమ్మవా? ముందల ఇద్దరొచ్చిన్రు. బాట బాగలేదని ఎన్కకు పోయిన్రు. నువ్వెప్పుడు పోతవు?"

"పోను అవ్వా. రేపు తొమ్మిదింటికి తెరుస్త, నీ బీపీ చూస్త."

నమ్మినట్టు కనిపించలేదు. కర్ర పట్టుకుని వెళ్లిపోయింది.

కుదరదని చెప్పినవాళ్లెవరూ గోటితో గీకి చూడలేదు, అదే నా కోపం. తప్పు నాది కూడా ఉందని ఒప్పుకుంటాను, అలాగని కారునూ ఉద్యోగాన్నీ వదిలేసుకోను. ఇలాంటి సస్పెన్షన్ ఉన్నవాళ్లకు ఒక్క సలహా: బోరు నీళ్లతో కడిగితే మరలను మంచినీళ్లతో మళ్లీ కడిగి, ఆరాక గ్రీజు పూసి, నెలకోసారి రింగులను ఒక చుట్టు అటు ఇటు తిప్పండి. సోమవారం నేను తాళం తీయడానికి వెళ్లేసరికి ఎనిమిదిన్నర. ముసలమ్మ అప్పటికే మెట్ల మీద ఉంది, వెంట ఇంకో నలుగురిని తీసుకొచ్చింది.