అమ్మమ్మకు చెప్పాల్సిన వందనాలు

స్పిరిట్‌తో తడిపిన దూది వాసన తగిలితే చాలు, డ్యూటీలో ఉన్నా సరే మా అమ్మమ్మ మరియమ్మ కళ్ల ముందుకు వస్తుంది. దుమ్ముగూడెం వైపు అడవి పల్లెల్లో ముప్పై ఏళ్లు నర్సమ్మగా తిరిగిన మనిషి. వాగులు పొంగినా చెప్పులు చేత పట్టుకుని దాటి, కాన్పు చేసి వచ్చేది. అమ్మ ఉద్యోగానికి వెళ్తే నన్ను పెంచింది ఆమే. నేను నర్సునైంది ఆమెను చూసే.

రిటైరైన కొన్నేళ్లకు మతిమరుపు మొదలైంది. ముందు కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. తరువాత చర్చి నుంచి వస్తూ దారి తప్పింది. డాక్టరు అల్జీమర్స్ అన్నారు. ఒకరోజు నేను అన్నం పెడుతుంటే నా ముఖంలోకి చూసి, "ఎవరి బిడ్డవమ్మా నువ్వు?" అంది. సునీతనని, నీ మనవరాలినని చెప్పాను. మళ్లీ అడిగింది. మూడోసారి అరిచాను. తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా తల దించుకుని కంచం పక్కకు జరిపింది.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. పరిగెత్తాను. గోదావరి వైపు రోడ్డు మీద, చంకలో ఖాళీ సంచితో, ఉత్తకాళ్లతో గబగబా నడుస్తోంది.

"ఎక్కడికి పోతున్నవ్ అమ్మమ్మా?"

"కాన్పుకు. తొలిచూలు పిల్ల. నొప్పులు మొదలైనయంట. జల్దీ పోవాలె, అడ్డం రాకు."

కాన్పూ లేదు, ఏమీ లేదు అనబోయాను. కానీ ఆమె కంగారు మాత్రం నిజమైనదే. నా చెప్పులు విప్పి ఆమె కాళ్లకు తొడిగాను.

"నేనూ నర్సునే. సాయం వస్తా, పా."

ఎగాదిగా చూసింది. "కొత్తగ వచ్చినవా? అవ్, మంచిది."

కాస్త దూరం నడిచాక అలసి, ఎవరిదో అరుగు మీద కూలబడింది. ఆ ఇంటావిడ ఇచ్చిన నీళ్లు తాగి, తృప్తిగా, "తల్లీబిడ్డా మంచిగున్నరు. ఇగ పోదామా?" అంది.

"ఏం బిడ్డ?" అని అడిగాను.

"ఆడపిల్ల. గట్టిగ ఏడ్చింది."

ఆ తరువాత రెండేళ్లు బతికింది. నన్ను 'కొత్త నర్సమ్మా' అనే పిలిచేది, నేనూ పలికేదాన్ని. చివరి వేసవిలో ఒకరోజు తల దువ్వుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నిన్ను ఎవరు పెంచిన్రో గానీ మంచిగ పెంచిన్రు."

"మా అమ్మమ్మ."

"గట్లనా? ఆమెకు నా వందనాలు చెప్పు."

చెప్తానన్నాను. ఆ వందనాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.