పెళ్లి వ్యాన్‌లో పలకని ప్లగ్గు

మొన్న గ్రేస్ పెళ్లిలో నా పరువు ఏమైందో మీకింకా ఎవరూ చెప్పలేదా? అయితే ఇంకొకరు ఉప్పూకారం వేసి చెప్పకముందే నేనే చెప్పేస్తా.

మా బావమరిది ప్రసాద్ పాత మినీ బస్సు కొని, మంచం, అద్దం, వాష్‌బేసిన్ పెట్టించి కారవాన్ చేశాడు. దానికి మొదటి బేరం మా ఊరి గ్రేస్ పెళ్లి. నా దగ్గర చదువుకున్న పిల్లే. చర్చి నందిగామలో, పదింటికి పెళ్లి. ఆ పొద్దున ఊళ్లో కరెంటు పోయింది. అప్పటికి పెళ్లికూతురి రింగుల జుట్టు స్ట్రెయిట్‌నర్‌తో సగమే సాఫీ అయింది! కుడివైపు పట్టుకుచ్చు, ఎడమవైపు పిచ్చుకగూడు.

"ఏం పర్లేదమ్మా, మన వ్యాన్‌లో ప్లగ్గుందిగా! దార్లో చేసుకో" అన్నాడు ప్రసాద్.

నేనూ మా ఆవిడా కూడా ఎక్కాం. జగ్గయ్యపేట దాటాక గ్రేస్ స్ట్రెయిట్‌నర్ పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, ప్లగ్గు మాత్రం డెడ్! ఆ పిల్లకి కళ్లనిండా నీళ్లు.

"చర్చిలోకి ఇలా ఎలా నడిచేదండీ మాస్టారూ?"

"సైన్సు మాస్టారు పక్కనుండగా ఏడుపేంటమ్మా!" అని లేచా.

బండి పక్కకి ఆపించా. టెస్టర్ పెట్టా, వెలగలేదు. బోర్డు విప్పా, వైర్లు బిగువుగానే ఉన్నాయి. "చూడండి, లైటూ ఫ్యానూ నేరుగా బ్యాటరీ మీద నడుస్తాయి. ప్లగ్గుకి మాత్రం ఇన్వర్టర్ నుంచి రావాలి. కాబట్టి లోపం ఎక్కడుండాలి?"

ఎవరూ చెయ్యెత్తలేదు. ఇంతలో పాస్టర్ గారి ఫోను, ఎక్కడిదాకా వచ్చారని.

"పాఠం దాకా వచ్చామండీ" అన్నాడు ప్రసాద్.

వెనక సీటు ఎత్తి చూస్తే ఇన్వర్టర్ మీద ఎర్రలైటు. "దొరికింది! ఓవర్‌లోడ్! ఎవరో దీని శక్తికి మించిన వస్తువు పెట్టారు. ఈ బటన్ నొక్కితే సరిపోతుంది. కానీ ఎవరు చేశారో ముందు తెలియాలి. నిజం చెప్తే ఏమీ అనను."

"మాస్టారూ, బటన్ నొక్కండీ!" అంది గ్రేస్.

"ఉండమ్మా, కారణం తెలియకపోతే మళ్లీ ఆగుతుంది. ఏ వాటర్ హీటరో పెట్టి ఉండాలి. లేదా ఏ ఇస్త్రీ..."

అంటూ నా చొక్కా వైపు చూసుకున్నా.

"ఆగారేం? చెప్పండి, ఏ ఇస్త్రీ?" అంది మా ఆవిడ, నన్ను ఎగాదిగా చూస్తూ. "కరెంటు లేని ఊళ్లో చొక్కా ఇలా తళతళలాడుతుంటే పొద్దున్నుంచీ అనుకుంటూనే ఉన్నా!"

ఏం చెప్పనండీ! రాత్రి వ్యాన్ మా వాకిట్లోనే ఉంది. పొద్దున్నే ఇస్త్రీ పెట్టె అందులోని ప్లగ్గుకి పెట్టా. చొక్కా రెండో చెయ్యి రుద్దుతుండగా పెట్టె లైటు ఆరిపోయింది. వేడెక్కగానే దానంతటదే ఆగుతుందని ఏటా పిల్లలకి చెప్పేది నేనేగా! ఆ వేడితోనే మిగతాది లాగించేశా.

బటన్ నొక్కా. స్ట్రెయిట్‌నర్ పలికింది. నందిగామ చేరేసరికి జుట్టు రెండువైపులా ఒకేలా జారింది.

"బావగారూ, నేరస్థుణ్ని ఏమీ అననన్నారుగా, మాట మీద ఉండండి" అన్నాడు ప్రసాద్. పెళ్లికూతురు నవ్వుకుంటూ దిగింది.

నిన్న ఫొటోలొచ్చాయి. నా చొక్కా మీద ఒక్క ముడత లేదండీ. ఉన్నవన్నీ మొహం మీదే!