స్కానుకు ముందు మంద వెంట

2023లో నేను అనంతపురంలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై టెక్నాలజిస్టుని. మోకాళ్ల అరుగుదలకు తయారవుతున్న ఒక కొత్త మందు మీద అప్పుడు మా దగ్గర పరిశోధన జరుగుతోంది. మందు పనిచేస్తోందా లేదా అన్నది కార్టిలేజ్ మందం కొలిచి తేల్చాలి. కార్టిలేజ్ అంటే ఎముకల మధ్య ఉండే మెత్తటి పొర. అందులో వచ్చే మార్పు వెంట్రుకవాసి. అందుకే ప్రతిసారీ అదే మెషీన్, అదే కోణం, అదే పద్ధతి.

ఆ పరిశోధనలో చేరి గుమ్మఘట్ట వైపు నుంచి వచ్చే ముసలాయన హనుమంతప్ప రెండో స్కానులో ఆ పొర ఉన్నట్టుండి పలచబడింది. చిత్రాలు కొలిచే నిపుణులు నమ్మలేదు. "మళ్లీ తియ్యండి. ఈసారీ పొంతన కుదరకపోతే ఆయన్ను తప్పించాల్సి వస్తుంది" అన్నారు.

వరుసగా చూసుకుంటూ పోయాను. మోకాలికి తొడిగే కాయిల్ సరిగానే ఉంది. కాలి కోణం సరిపోయింది. ఫాంటమ్, అంటే కొలతలు ముందే తెలిసిన నమూనా డబ్బా, దాన్ని స్కాన్ చేసినా తేడా లేదు. ఇక మిగిలింది మనిషి.

మూడోసారి ఆయన చెప్పులకు పచ్చి బురదతో వచ్చాడు.

"ఆటోలో రమ్మంటిమి కదా తాతా?"

"బుక్కరాయసముద్రంలో కూతురింట్లో పండుకున్నా. పొద్దున్నే చెరువుకట్ట మీద గొర్రెలు పోతాండె. వాటి ఎంబడి నడిచొచ్చినా. పోయినసారీ అంతే."

"ఎవరి గొర్రెలు?"

"ఎవరివైతే ఏమప్పా! గొర్రెలు గొర్రెలే."

"మోకాళ్లు నొప్పని మందుకొచ్చి, మంద ఎంబడి తిరుగుతావా?"

"నావి అమ్మేసినా కదా. కాళ్లు కుదిరితే మళ్లా నాలుగు పిల్లల్ని తెచ్చుకుంటా. అంతవరకూ ఈ కాళ్లు పని మర్చిపోకుండా ఉండొద్దా?"

నడిస్తే బరువుకు కార్టిలేజ్ కాసేపు అణిగిపోతుంది, కూర్చుంటే తేరుకుంటుంది. మొదటిసారి సంతకాల కోసం ఆయన చాలాసేపు కూర్చున్నాడు. రెండోసారి వచ్చీరాగానే మెషీన్‌లోకి పంపాం. నిపుణులకు ఫోన్ చేసి చెబితే, గంటసేపు కూర్చోబెట్టి తియ్యమన్నారు.

కిటికీ పక్కన కుర్చీ వేశాను. కాసేపటికి వీధిలో మెడగంటల చప్పుడు వినబడింది. ఆయన చేతులు కుర్చీ మీద బిగుసుకున్నాయి.

"ఒక్క తూరి లేస్తే చెడిపోతాదా?"

"చెడిపోతే నిన్ను తీసేస్తారు తాతా."

లేవలేదు. నాలుకతో టక్ టక్‌మని మెల్లగా అదిలించాడు. గంటలు మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా కళ్లు మూసుకునే ఉన్నాడు.

కొలత మొదటిదానితో కలిసింది. ఆయన పరిశోధనలో నిలిచాడు. ఆయనకు ఇస్తున్నది అసలు మందో, పోలిక కోసం ఇచ్చే ఉత్త మాత్రో మాకు చెప్పరు. ఇప్పటికీ నాకు తెలియదు.

"ఇంక నడవచ్చునా అప్పా?"

"ఇంక నీ ఇష్టం."

గేటు ముందున్న ఆటోలను దాటుకుని, గంటలు పోయిన వైపు కుంటుకుంటూ నడిచాడు.

గంట విశ్రాంతి ఆ తర్వాత మా పద్ధతిలో చేరింది. అప్పట్నుంచి మోకాలి స్కానుకు వచ్చినవాళ్లను రెండు మాటలు అడుగుతాను: ఎట్లా వచ్చినావు, కాళ్లు కుదిరితే యాడికి పోతావు. మొదటిది కొలత కోసం. రెండోదానికి జవాబు చెబుతూ మనిషి గంటసేపు కుర్చీలోంచి లేవడు.